నాయనమ్మ బెనె ఇజ్రాయెల్ అని ఇప్పుడు తెలిస్తే, మరి మేమెవరం?

మీ ప్రశ్న నిదానంగా చదివాను. మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. బెనె ఇజ్రాయెల్ అంటే మహారాష్ట్ర కొంకణ్ తీరంలో తరతరాలుగా ఉంటున్న, మరాఠీ మాట్లాడే యూదులు. వీళ్ల నాయనమ్మగారు ఈమధ్యే పోయారు, హిందూ పద్ధతిలో దహనం చేశారు. తర్వాత ఆవిడ ట్రంకుపెట్టె సర్దుతుంటే హీబ్రూ, మరాఠీ రెండూ అచ్చయిన పాత ప్రార్థన పుస్తకం, బొంబాయి స్కూలు సర్టిఫికెట్ దొరికాయి. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు "కర్" అని ముగుస్తోంది, ఆవిడ పేరు, తండ్రి పేరు రెండూ బైబిల్ పేర్లు. ఆ తండ్రి రైల్వే ఉద్యోగి, 1950లలో సికింద్రాబాద్ బదిలీ అయి వచ్చారు. నాయనమ్మ 1958లో తెలుగు హిందూ కుటుంబంలో ప్రేమపెళ్లి చేసుకున్నారు. ఏటా ఒకరోజు తెల్లచీర కట్టుకుని గది తలుపేసుకుని మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండేవారట. ఇప్పుడు వీళ్లు అడిగేవి: మేం యూదులమేనా, డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకోవాలా, ఇజ్రాయెల్ వెళ్లొచ్చా, దహనం చేసి తప్పు చేశామా.

మా అమ్మది పన్వేల్ దగ్గరి బెనె ఇజ్రాయెల్ కుటుంబం, నాన్నది కృష్ణా జిల్లా. చాలా ఏళ్లుగా థానేలో ఉంటున్నాను. మీలాగ తమవాళ్లని వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి రిజిస్టర్లు, సమాధిరాళ్లు చదివిపెడుతుంటాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

మీరు రాసినదాన్నిబట్టి నాయనమ్మగారు బెనె ఇజ్రాయెల్ అనడంలో నాకు పెద్దగా అనుమానం లేదు. "కర్" ఒక్కటే ఉంటే ఏమీ చెప్పలేం, మహారాష్ట్రలో చాలామంది హిందువుల ఇంటిపేర్లు అలాగే ఉంటాయి. ముందు బైబిల్ పేరు, వెనక కొంకణ్ ఊరి పేరు, ఈ రెండూ కలిసి కనిపిస్తే అప్పుడు ఆగి చూడాలి. రోహా నుంచి వచ్చినవాళ్లు రోహేకర్, పెణ్ నుంచి పెణ్‌కర్, కిహీమ్ నుంచి కిహీమ్‌కర్, నవ్‌గావ్ నుంచి నవ్‌గావ్‌కర్. పాతతరంలో బైబిల్ పేర్లు కూడా మరాఠీలో కలిసిపోయి ఉండేవి, సమూయేలు సమాజీ అయ్యాడు, యెహెజ్కేలు హసాజీ అయ్యాడు, బెన్యామీను బనాజీ. బొంబాయిలో మొట్టమొదటి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనామందిరం, 1796లో కట్టించిన ఆయన పేరు సమాజీ హసాజీ దివేకర్, దాన్నిబట్టే చూడండి. తర్వాతి కాలంలో చాలామంది ఊరి పేరు వదిలేసి తండ్రి పేరునే ఇంటిపేరు చేసుకున్నారు, మోజెస్ అనో సాల్మన్ అనో డేవిడ్ అనో, దాంతో బయటివాళ్లు వాళ్లని క్రైస్తవులనుకోవడం మొదలైంది. వెతికేటప్పుడు ఒకే మనిషి రెండు మూడు ఇంటిపేర్లతో కనిపిస్తే కంగారు పడకండి.

రైల్వే సంగతి కూడా సరిపోతోంది. బెనె ఇజ్రాయెల్ వాళ్లలో రైల్వే, పోస్టాఫీసు, సైన్యం ఉద్యోగాలు చాలా ఎక్కువ. నిజాం స్టేట్ రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, సెంట్రల్ రైల్వే హెడ్డాఫీసు బొంబాయి, 1966లో దక్షిణ మధ్య రైల్వే వచ్చేదాకా సికింద్రాబాద్ వ్యవహారాలన్నీ అక్కడినుంచే నడిచాయి. కాబట్టి బొంబాయి ఉద్యోగి సికింద్రాబాద్ రావడంలో వింతేం లేదు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం మాత్రం ఆ తెల్లచీర ఉపవాసమే. అది యోమ్ కిప్పూర్, ప్రాయశ్చిత్త దినం, సెప్టెంబరులోనో అక్టోబరులోనో వస్తుంది. ఒక సాయంత్రం మొదలై మర్నాడు చీకటి పడేదాకా పచ్చిమంచినీళ్లు ముట్టరు. మా పెద్దవాళ్లు దాన్ని మరాఠీలో తలుపులు మూసే పండుగ అనేవారు. బయటివాళ్ల ముఖం చూడకుండా, తెల్లబట్టలు కట్టుకుని, ఇల్లు మూసుకుని కూర్చునేవారు. మర్నాటికి కూడా పేరుంది, శిళా సణ్, మన మాటల్లో చద్ది పండుగ, ఆరోజు బీదలకి దానాలు ఇచ్చి చుట్టాల ఇళ్లకి వెళ్లేవారు. నాన్నగారిని అడగండి, తలుపు తీసిన మర్నాడు నాయనమ్మ పనివాళ్లకి, గుమ్మంలోకి వచ్చినవాళ్లకి ఏమైనా ఇచ్చేవారా అని. సినగాగ్ లేని ఊళ్లో, మీ కుటుంబంలో ఒక్కరికీ చెప్పకుండా, ఆవిడ అన్నేళ్లు ఆ రోజుని లెక్క తప్పకుండా పట్టుకున్నారంటే నాకు చాలా గౌరవం కలుగుతోంది. ఆ తేదీ మన క్యాలెండర్లో ఏటా మారుతుంది, ఎవరో ఆవిడకి ఉత్తరం రాసి తేదీ చెప్తుండాలి. పెట్టెలో పాత ఉత్తరాలు, చిన్న సైజు పంచాంగాల్లాంటి పుస్తకాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే పారేయకండి, పంపినవాళ్ల అడ్రసే మీకు దారి.

ఇంకో రెండు సంగతులు ఇంట్లో అడగండి. మాంసం వండిన రోజు ఆవిడ పెరుగన్నం తినేవారా? మాంసం, పాలు ఒకే భోజనంలో కలపకూడదని మా నియమం, అందుకే మా కూరల్లో పెరుగు బదులు కొబ్బరిపాలు పోస్తారు. తెలుగింట్లో మాంసం కూర తిని చివర్లో పెరుగు వద్దనే మనిషి అందరికీ గుర్తుండిపోతుంది. అలాగే రొయ్యలు, పీతలు, వాలుగలాంటి పొలుసు లేని చేపలు తినేవారా? మాంసానికి ఉప్పు పట్టించి రక్తమంతా పోయేదాకా ఉంచి కడిగేవారా? శుక్రవారం సాయంత్రం దీపం పెట్టడం కూడా అడగండి గానీ, మన ఇళ్లల్లో అందరూ పెడతారు కాబట్టి దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. అటుకుల్లో పచ్చికొబ్బరి, చక్కెర, యాలకులు కలిపి పైన పళ్లు పెట్టి ఏదైనా మొక్కు తీరినప్పుడు చేసేవారేమో చూడండి, అది మలీదా. ఏలీయా ప్రవక్త పేరు మీద చేస్తారు. యూదుల్లో ఈ ఆచారం బెనె ఇజ్రాయెల్ వాళ్లదే. అలీబాగ్ దగ్గర ఖండాలే ఊళ్లో రాతిమీద ఆయన రథం గుర్తులున్నాయని నమ్మి ఇప్పటికీ అక్కడికి వెళ్తారు.

ఇప్పుడు అసలు ప్రశ్న, మీరు యూదులేనా. ఇక్కడ వంశం, మతం, దేశపు చట్టం అనే మూడు వేరే వేరే లెక్కలున్నాయి, మూడింటి జవాబులూ ఒకటి కావు. వీటిని కలిపేసుకుని చాలామంది అనవసరంగా బాధపడతారు.

యూదు మతధర్మంలో పుట్టుక తల్లి వైపునుంచి లెక్క. నాయనమ్మ యూదు స్త్రీ అని రుజువైతే ఆవిడ కొడుకు, అంటే మీ నాన్నగారు, ఆ లెక్కలో పుట్టుకతో యూదుడు. ఆయన జీవితమంతా గుడికి వెళ్లినా, ఆ మాట ఒక్కసారి వినకపోయినా సరే. మీ అమ్మగారు యూదు స్త్రీ కాదు కాబట్టి ఆ లెక్కలో మీరు యూదులు కారు. అదే ఆవిడ మీకు అమ్మమ్మ అయ్యుంటే మీకూ వచ్చేది. ఇది చదివి మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, ఎందుకంటే ఈ విషయం మీద ఆరాటం ఉన్నది మీకు, హక్కు ఉన్నది అసలు అడగని నాన్నగారికి. అమెరికాలో రిఫార్మ్ శాఖవాళ్లు 1983 నుంచి తండ్రి వైపునుంచి కూడా ఒప్పుకుంటున్నారు, కానీ ఆ పిల్లలు యూదులుగా పెరిగి, ఆ ఆచారాలు బయటికి పాటించి ఉండాలి. మీ విషయంలో అది జరగలేదు. మీరు మతంలోకి రావాలనుకుంటే మార్గం ఉంది, మతం స్వీకరించడం, దానికి ముగ్గురితో కూడిన మత న్యాయస్థానం, నెలల తరబడి కొన్నిసార్లు ఏళ్ల తరబడి చదువు, ఆచరణ, చివర్లో పవిత్ర స్నానం, మగవాళ్లకైతే సున్తీ ఉంటాయి. భారత్‌లో అలాంటి న్యాయస్థానం శాశ్వతంగా లేదు, సాధారణంగా బయటిదేశం వెళ్లాల్సివస్తుంది. నా మాటైతే దాన్ని ఇప్పుడు తలపెట్టకండి. ముందు ఒక ఏడాది పండుగలు చూడండి, చదవండి, మనుషుల్ని కలవండి. ఆ తర్వాత కూడా మనసు అటే ఉంటే అప్పుడు.

ఇజ్రాయెల్ చట్టం ఇంకో దారిలో వెళ్తుంది. 1950 నాటి రిటర్న్ చట్టానికి 1970లో చేసిన సవరణ ప్రకారం యూదుల పిల్లలకీ, మనవలకీ, వాళ్ల భార్యాభర్తలకీ అక్కడికి వెళ్లి స్థిరపడే హక్కు ఉంది. అంటే మతం లెక్కలో యూదులు కాని మీకు, చట్టం లెక్కలో మనవరాలిగా దారి ఉంది. మీ పిల్లలకి మాత్రం ఆ హక్కు సొంతంగా రాదు. యూదుడిగా ఉండి ఇష్టపూర్వకంగా మతం మారినవాళ్లకి వర్తించదని కూడా అందులో ఉంది, కాబట్టి నాన్నగారి కేసులో, నాయనమ్మ కేసులో ఈ ముక్క మీద ప్రశ్నలు వస్తాయి. మనవల నిబంధనే తీసేయాలని అక్కడి రాజకీయాల్లో గట్టిగా అడిగేవాళ్లూ ఉన్నారు. వెళ్లినా, అక్కడ యూదుల పెళ్లిళ్లు మతపెద్దల చేతిలో ఉంటాయి, పౌరసత్వం ఉన్నంత మాత్రాన వాళ్లు మిమ్మల్ని యూదుగా రాసుకోరు.

దీనికి మా సొంత చరిత్రే సాక్ష్యం. 1948 తర్వాత వేలమంది బెనె ఇజ్రాయెల్ అక్కడికి వెళ్లారు. 1960ల మొదట్లో ఏమైందంటే, వీళ్ల పెళ్లిళ్లు చేసేముందు తల్లుల, అమ్మమ్మల వంశం ఎంత వెనక్కి వీలైతే అంత వెనక్కి విచారించాలని అక్కడి ప్రధాన రబ్బీల, అంటే యూదు మతపెద్దల, కార్యాలయం ఆదేశించింది. తరతరాలుగా షెమా ప్రార్థన చెప్పుకుంటూ, శనివారం గానుగ ఆపి "శనివార్ తేలీ" అని పేరు తెచ్చుకున్న జనాన్ని అలా అనుమానించడం మావాళ్లకి పెద్ద గాయమైంది. 1964 వేసవిలో జెరూసలేంలో కుటుంబాలతో సహా రోజుల తరబడి ధర్నాకి కూర్చున్నారు. చివరికి ఆగస్టులో అక్కడి పార్లమెంటు వీళ్లు అన్నివిధాలా యూదులేనని ప్రకటించింది, రబ్బీలు ఆ ఆదేశం మార్చుకున్నారు. మా అమ్మ వాళ్లింట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ సంగతి మాట్లాడేటప్పుడు గొంతు మారుతుంది. అదే సమయంలో మావాళ్లలోనూ లోపం ఉందని చెప్పాలి, బయటివాళ్లతో సంబంధం వల్ల పుట్టినవాళ్లని కాళా ఇజ్రాయెల్ అని పక్కన పెట్టి, వాళ్లతో పెళ్లిసంబంధాలు చేసుకోని రోజులు ఎంతో దూరంలో లేవు. మీ నాయనమ్మ ఎందుకు నోరు విప్పలేదో ఆలోచించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. యూదులు అనగానే మనకి యూరప్ గుర్తొచ్చి, ఆవిడ భయపడి దాచిపెట్టారని అనుకుంటాం. మా బెనె ఇజ్రాయెల్ వాళ్లని ఇరుగుపొరుగువాళ్లు యూదులని వేధించిన చరిత్ర లేదు. 1958లో బయట పెళ్లి చేసుకున్న అమ్మాయికి పుట్టింటి తలుపు మూసుకుపోయి ఉండటం, ఆ బాధ మీద ఆవిడ మాట్లాడకపోవడం నాకు ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తోంది.

ఆ పెళ్లి ఎలా జరిగిందో కచ్చితంగా కనుక్కోండి, చాలా విషయాలు దానిమీదే ఉన్నాయి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరైతే ఎవరూ మతం వదలక్కర్లేదు. అంతకుముందు 1872 చట్టం కింద అయితే యూదు మతం మాది కాదని రాసివ్వాల్సి వచ్చేది, మీవాళ్లది 1958 కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఆర్యసమాజంలో జరిగుంటే మాత్రం ముందు శుద్ధి చేసి హిందువుగా సర్టిఫికెట్ ఇచ్చి ఉంటారు, అది ఇజ్రాయెల్ చట్టం దగ్గర అడ్డు రావచ్చు. మతధర్మంలో మాత్రం యూదుగా పుట్టినవాళ్లు ఎప్పటికీ యూదులే, ఏ కాగితమూ దాన్ని తీసేయదు.

డీఎన్‌ఏ టెస్ట్ మీద డబ్బు పెట్టకండి. 2016లో బెనె ఇజ్రాయెల్ జన్యువుల మీద ఒక మంచి పరిశోధన వచ్చింది, వీళ్లలో మధ్యప్రాచ్య యూదు మూలాలూ భారతీయ మూలాలూ రెండూ గట్టిగా ఉన్నాయని, ఆ కలయిక 19 నుంచి 33 తరాల కిందట జరిగిందని తేలింది. అది సమాజం మొత్తానికి సంబంధించిన మాట. కంపెనీలు అమ్మే టెస్టుల్లో యూదు అని చూపించేది ముఖ్యంగా యూరప్ యూదుల పోలికతో, మీకు దక్షిణాసియా అని వస్తే మీరు ఊరికే నిరాశపడతారు. ఆ రిపోర్టు చూసి ఏ సినగాగూ మిమ్మల్ని యూదు అని రాసుకోదు. నాయనమ్మ అన్నదమ్ముల మనవలు దొరికితే చుట్టరికం తేల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

వెతకాల్సింది కాగితాలు. అన్నిటికంటే విలువైనది నాయనమ్మగారి అమ్మానాన్నల కెతూబా, అంటే సినగాగ్‌లో రాసే పెళ్లి ఒప్పందం. అది దొరికితే తల్లి వైపు వంశం నిలబడినట్టే. పెళ్లి ఏ సినగాగ్‌లో జరిగిందో ఆ రిజిస్టర్లో ఉంటుంది, కాబట్టి ఊరి పేరునిబట్టి మొదలుపెట్టండి. పన్వేల్, అలీబాగ్, పుణె రాస్తాపేట్, థానేలో టెంభీనాకా దగ్గరి శార్ హషామయిమ్, బొంబాయిలో మాండ్వీ, జేకబ్ సర్కిల్, ఇలా. స్కూలు సర్టిఫికెట్ మజ్‌గావ్‌లోని సర్ ఎలీ కదూరీ స్కూలుదైతే మీ పని తేలికైపోతుంది, అది 1875లో మావాళ్ల పిల్లల కోసమే మొదలైన బడి. వర్లీలో ఈ. మోజెస్ రోడ్డు మీద యూదుల శ్మశానం ఉంది, రాళ్లమీద హీబ్రూ, మరాఠీ, ఇంగ్లీషు కలిపి ఉంటాయి. హీబ్రూ సంవత్సరంలోంచి 3760 తీసేస్తే దాదాపు మన సంవత్సరం వస్తుంది. ప్రార్థన పుస్తకం మొదటి, చివరి అట్టల లోపలివైపు చూడండి, పుట్టినరోజులూ చావులూ అక్కడ రాసుకునే అలవాటుంది.

సినగాగ్‌కి చెప్పాపెట్టకుండా వెళ్లకండి. 2008 నవంబరు ముంబై ఉగ్రదాడుల్లో అక్కడి యూదుల కేంద్రం నారిమన్ హౌస్ మీద కూడా పడ్డాక అన్నిచోట్లా పోలీసు కాపలా ఉంది, ఆధార్ అడుగుతారు, బ్యాగులు రానివ్వరు. ముందు ఫోన్ చేసి కమిటీ వాళ్లతో మాట్లాడండి, మందిరం చూసుకునే షమాష్‌తో మర్యాదగా ఉండండి, ఎవరి కుటుంబం ఎక్కడుందో ఆయనకే ఎక్కువ తెలుసు. రిజిస్టర్ పని మీద శనివారం వెళ్తే అసలు కుదరదు, ఆరోజు రాయడం, ఫొటో తీయడం నిషిద్ధం. శనివారం కేవలం ప్రార్థనకి వెళ్లండి. ఇప్పుడు ఇక్కడ మిగిలినవాళ్లు చాలా తక్కువ, 2011 లెక్కల్లో దేశం మొత్తంమీద యూదులు 4,650 మంది. ఆవిడ అన్నదమ్ముల పిల్లలు బహుశా అష్‌దోద్‌లోనో దిమోనాలోనో ఉంటారు. దొరికితే మొదటి మెసేజ్‌లోనే పౌరసత్వం, కాగితాలు అనకండి. నాయనమ్మ ఫొటో పంపండి, అంతే.

ఒక హెచ్చరిక. ఈ సంగతి మీరు బయటపెట్టగానే ఇద్దరు వస్తారు. ఒకరు ఇజ్రాయెల్ వీసా ఇప్పిస్తామని డబ్బులడిగే ఏజెంట్లు. ఇంకొకరు బైబిల్ ప్రవచనం మీ ఇంట్లో నెరవేరిందంటూ యేసును నమ్మే యూదు సంఘాల్లోకి లాగేవాళ్లు. వాళ్ల విశ్వాసం వాళ్లది, కానీ యూదు సమాజం దాన్ని యూదు మతంగా ఒప్పుకోదు, అక్కడ పేరు నమోదైతే తర్వాత మీకే చిక్కు. తెలుగు యూదులు అని వెతికితే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం బెనె ఎఫ్రాయిము వాళ్లు కనిపిస్తారు. తాము ఎఫ్రాయిము గోత్రం అని చెప్పుకుంటూ 1990ల మొదటినుంచి బహిరంగంగా యూదు ఆచారాలు పాటిస్తున్నారు. నాకు వాళ్లంటే గౌరవం, శుక్రవారం సాయంత్రం తెలుగులో ప్రార్థన వినాలంటే తప్పకుండా వెళ్లండి. అయితే వాళ్ల చరిత్ర వేరు, ఇజ్రాయెల్ గుర్తింపు వాళ్లకి ఇంకా రాలేదు, మీ వంశం వాళ్ల దగ్గర దొరకదు.

ఇంతకీ ముందు చేయాల్సిన పని ఇవేవీ కావు. నాన్నగారితో కూర్చోండి. ఇది మీకంటే ఆయనకి ఎక్కువ సంబంధించిన విషయం, తల్లి పోయిన దుఃఖంలో ఉన్నారు, ఆమె గురించి తనకి సగమే తెలుసని ఇప్పుడు తెలిసింది. ఆయనకి ఇష్టం లేకపోతే కొన్నాళ్లు ఆగండి, రిజిస్టర్లు ఎక్కడికీ పోవు. అత్తయ్యలు, ముఖ్యంగా నాయనమ్మతో వంటింట్లో ఎక్కువ గడిపినవాళ్లు, వాళ్లు చెప్పేది మాత్రం ఇప్పుడే రికార్డు చేయండి. మలీదా చేయడానికి, ఆవిడ పుస్తకంలోని పాటలు నేర్చుకోవడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అవి మీ నాయనమ్మవి, కాబట్టి మీవి.

దహనం గురించి. మా ఆచారం పూడ్చిపెట్టడమే, నిజం. కానీ మీకు తెలియదు, ఆవిడ చెప్పలేదు, తన భర్త ఇంటి పద్ధతిలో వెళ్లిపోవడానికి సిద్ధపడే ఉండొచ్చు. మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు, మీరూ పట్టుకోకండి. నాన్నగారికి మనసుంటే ఆయన తల్లి కోసం కద్దీష్ చెప్పొచ్చు, కొడుకు చెప్పే ప్రార్థన అది. దానికి పదిమంది యూదు మగవాళ్లు ఉండాలి, థానేలో శనివారం ఉదయం ఆ సంఖ్య కూడుతుంది. హీబ్రూ రాకపోతే మరాఠీ అక్షరాల్లో రాసింది ఉంది, తెలుగులో నేను రాసిస్తాను. ఏటా చెప్పుకోవడానికి హీబ్రూ తేదీ కావాలి, మా రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, అందుకని ఆవిడ పోయింది ఏ తేదీనో దాంతోపాటు పొద్దుగుంకక ముందా తర్వాతా అన్నది కూడా రాయండి, లెక్క కట్టి చెప్తాను.